ఒంటిగా వేలాడే కాయ

మా సుజాత ఇంట్లో భోజనాల బల్ల మీద, మామిడికాయ తొక్కు సీసాకూ బీపీ గోళీల డబ్బాకూ మధ్యన అశ్వగంధ చూర్ణం కనిపించగానే నాకు ఒళ్ళు మండింది. నిద్ర కోసమట. రోజూ పడుకునే ముందు చెంచాడు పాలలో కలుపుకొని తాగుతుందట. తాగితే తాగనీ, ఎవరి నిద్ర వాళ్ళది. కానీ ఆ సీసా మీద అచ్చువేసిన బొమ్మ అశ్వగంధది కాదు. సన్నటి కాడకు ఒంటిగా వేలాడుతున్న, బుగ్గలు పూరించినట్టున్న పల్చటి పొర కాయ. అది బుడ్డకాశ. ముప్ఫై ఏళ్ళు జూనియర్ కాలేజీ పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన దాన్ని, ఆ మాత్రం పోల్చుకోలేనా? రంగురంగుల కాగితం మీద, బంగారు గీతల మధ్య, ఒక చెట్టు పేరు కింద ఇంకో చెట్టు బొమ్మ వేసి అమ్ముతున్నారు. ఎవరూ అడగలేదు. అడిగే మనిషి ఒకతె ఉండేది. ఆమెను ఈ ఇంటివాళ్ళమే వెళ్ళగొట్టాం.

సుజాత మా పెద్దబాపు కూతురు, అంటే మా బాపు అన్న కూతురు, నాకంటే అయిదేళ్ళు చిన్నది. మోకాలి ఆపరేషన్ అయిందంటే చూద్దామని నిజామాబాద్ నుంచి బస్సెక్కి ఆర్మూర్ వచ్చాను. ఆమె ఉంటున్న రెండంతస్తుల ఇల్లు ఒకప్పటి మా పసుపు కల్లం మీదే లేచింది. ఇప్పుడు కారు నిలబెట్టే చోట మాకు పసుపు ఉడికే పొయ్యి ఉండేది. సుజాత కోడలు అన్నం వడ్డిస్తుంటే, ఆరేళ్ళ మనవరాలు చిన్ను బల్ల చుట్టూ తిరుగుతుంటే, సుజాత తనకు ఇష్టమైన కథ మొదలుపెట్టింది. చిన్నప్పుడు ఒక కూలిది తనకు విషం పండ్లు పెట్టి చంపబోయిందన్న కథ. ఈ కథ నేను పెళ్ళిళ్ళలో విన్నాను, చావుల్లో విన్నాను, ఒకసారి రైల్లో పక్క సీటావిడకు చెబుతుంటే కూడా విన్నాను. విన్న ప్రతిసారీ అన్నం ముద్ద మింగి ఊరుకున్నాను. ఈసారి మింగుడుపడలేదు.

మా కల్లం సంగతి చెప్పకపోతే ఇది అర్థం కాదు. చలి ఇంకా పోకముందే పసుపు తవ్వకం మొదలయ్యేది. కొమ్ములొక కుప్ప, తల్లిదుంపల గుండ్రటి గోలలొక కుప్ప. పొద్దున్నే పెద్ద కడాయిల కింద మంట అంటుకునేది. కొమ్ముల మీద పసుపాకు కప్పి, గోనెసంచులు పరిచి ఉడకబెడుతుంటే వచ్చే ఆవిరి ఇల్లంతా కమ్ముకునేది. తడిమట్టి, పొగ, పచ్చి అల్లం కలిస్తే ఎట్లా ఉంటుందో అట్లాంటి వాసన. అది అన్నంలో ఉండేది, దుప్పట్లలో ఉండేది, బడికి పోతే నా పలక సంచీలోనూ ఉండేది. పసుపు వాసనంటే శుభమని అందరూ అంటారు. నాకు మాత్రం ఇప్పటికీ ఆ వాసన గిట్టదు. మార్కెట్ యార్డ్ పక్క నుంచి బస్సు వెళ్ళేటప్పుడు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంటాను.

పెద్దబాపు కల్లం మధ్యలో మంచం వేయించుకొని కూర్చునేవాడు. ఎండిన కొమ్మును చెవి దగ్గర పెట్టుకొని విరిచేవాడు. ఆ చప్పుడును బట్టి తేమ పోయిందా లేదా చెప్పేవాడు. అందులో ఆయన పొరపాటు పడగా నేను చూడలేదు. కొమ్ము విషయంలో చెవి నమ్మినట్టే మనుషుల విషయంలోనూ నమ్మేవాడు. ఒకసారి విని తీర్పు చెబితే ఇక అంతే, ఎవరూ నోరు మెదపకూడదు. మా బాపు ఆయనకు తమ్ముడు గనుక మెదపడు, మా అమ్మ కోడలు గనుక మెదపదు. నాయినమ్మ ఒక్కతే కొడుకు ముందు చుట్ట కాలుస్తూ మాట్లాడగలిగేది. ఆమె కూడా కొడుకు గెలిచే చోటే మాట్లాడేదని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

పసుపు విరవడానికి వచ్చే ఆడవాళ్ళలో ఎల్లవ్వ ఉండేది. మాక్లూర్ వైపు నుంచి నడిచి వచ్చేది. సన్నటి మనిషి, పెద్ద నవ్వు, కుడి బొటనవేలి గోరు మాత్రం కావాలని పెంచుకునేది. ఏ ఆకునూ లాగి తెంపదు, ఆ గోటితో గిల్లుతుంది. గిల్లిన చోట కత్తితో కోసినట్టుండేది. పంటి నొప్పి వస్తే వాకుడు కాయల పొగ పట్టేది ఆమే, బాలింతకు ఏ ఆకు కూర పెట్టాలో చెప్పేది ఆమే. పసుపులో చేతులు నాని పుళ్ళు పడితే ఏదో ఆకు నూరి రాసేది. మా పెద్దబాపు పంటికి కూడా పొగ పట్టింది. ఆ రోజు ఆయన తలవంచుకొని ఆమె ముందు బుద్ధిగా కూర్చున్నాడు. ఆ సంగతి ఆయన తర్వాత మరిచిపోయాడు గానీ నేను మరిచిపోలేదు.

ఇంటి వెనక గుట్ట కింద రాళ్ళూ బోదగడ్డీ తప్ప ఏమీ లేని బీడు ఉండేది. వానలు తగ్గాక ఎల్లవ్వ గడ్డి కోతకు పోతే నేనూ వెంటపడేదాన్ని. ఆమె ప్రతి మొక్క దగ్గరా ఆగేది. వంకాయ పువ్వును పోలిన పువ్వు ఎక్కడ కనిపించినా చూపించి, ఇవన్నీ ఒక్క ఇంటివే, ఒకటి కూర అయితది, ఒకటి మందు అయితది, ఒకటి మనిషిని పండబెడ్తది అనేది. టమాట, మిరప, పొగాకు, ఉమ్మెత్త అన్నీ ఒకే కుటుంబమని నాకు కాలేజీలో చెప్పిన లెక్చరర్ బోర్డు మీద లాటిన్ పేర్లు రాశాడు. నేను కాపీ చేసుకోలేదు. నాకు అప్పటికే తెలుసు.

బుడ్డకాశ మా పిల్లలకు ప్రాణం. పొరను నుదుటి మీద కొట్టి టప్పున పేల్చి, లోపలి పండు నోట్లో వేసుకునేవాళ్ళం. ఆ బీట్లోనే ఇంకో చెట్టు ఉండేది, నడుమెత్తు, బూడిద చల్లినట్టుండే ఆకులు. దానికీ కాయ చుట్టూ అట్లాంటి పొరే. ఎల్లవ్వ నన్ను రెండు చెట్ల మధ్య కూర్చోబెట్టి నా వేలు పట్టుకొని చూపించింది.

“పొర చూసి మోసపోకు బిడ్డా. కాడకు ఒంటిగ ఏలాడితె బుడ్డకాశ, నోట్లేసుకో. కొమ్మను పట్టుకొని గుంపుగ కూసుంటె పెన్నేరు, ముట్టకు. సలికాలం నడిమికి బుడ్డకాశ ఎండిపోతది, పెన్నేరే ఉంటది. గప్పుడు మస్తు పైలం.”

ఆకు వెనక వేలితో రుద్దితే పెన్నేరుకు మెత్తటి నూగు తగులుతుందని, బుడ్డకాశకు తగలదని, వేరు తవ్వి వాసన చూస్తే గుర్రాల కొట్టంలో వాసన వస్తుందని కూడా చెప్పింది. ఆ వేరే ఇప్పుడు సుజాత సీసాలో ఉంది. పెన్నేరంటే అశ్వగంధే. నేను ఆమె చెప్పినదంతా విన్నాను, సగం గుర్తు పెట్టుకున్నాను. గిల్లడం నేర్చుకున్నాను, గోరు పెంచుకున్నాను. అంతా వచ్చేసిందనుకున్నాను.

ఆ పసుపు కాలంలో ఒక మధ్యాహ్నం అందరూ కడాయిల దగ్గర ఉన్నారు. సుజాతను ఆడించే పని నాది. దానికి అయిదేళ్ళు, నాకు పది. అది బుడ్డకాశ కావాలని ఏడ్చింది. బీట్లోకి తీసుకుపోయాను. ఎండిన పొరల్లోంచి ఎర్రటి పండ్లు తొంగిచూస్తున్నాయి. ఇంత ఎర్రగా ఉన్నాయంటే బాగా పండినవే అనుకున్నాను. కొమ్మంతా గుంపులు గుంపులుగా ఉన్నాయని కళ్ళు చూశాయి, బుర్ర చూడలేదు. ఎల్లవ్వలాగా కొమ్మను గోటితో గిల్లాను. ఒక పండు నేను నమిలాను, చప్పగా ఉండి చివర చేదు తగిలింది. ఉమ్మేశాను. చేదుగా ఉందని సుజాతకు చెప్పలేదు. పెద్ద తెలిసినదానిలాగా తీసుకొచ్చి, బాగాలేదని ఎట్లా చెప్పను? అది పిడికెడు తింది. మిగిలిన కొమ్మను నేను తెచ్చి పొయ్యి వెనక పడేశాను. సాయంత్రానికి వాంతులు చేసుకుంది, ఆ తర్వాత పిలిస్తే పలకనంత మత్తు. పెద్దబాపు దాన్ని భుజాన వేసుకొని దవాఖానకు పరుగెత్తాడు. కల్లంలో మంటలు ఆర్పేశారు. మా ఇంట్లో పసుపు ఉడకని సాయంత్రం అదొక్కటే నాకు గుర్తు.

ఇది విన్నవాళ్ళు అనుకునేట్టు నేను నోరు మూసుకొని దాక్కోలేదు. నాయినమ్మ దగ్గరికి పోయి అంతా చెప్పాను. నేనే తెచ్చానని, నేనే తినిపించానని, కొమ్మ ఇంకా పొయ్యి వెనక పడి ఉందని చెప్పాను. ఆమె చుట్ట నోట్లోంచి తీసి ఆర్పింది. ఆ తర్వాత నా నోటి మీద చెయ్యి పెట్టింది. ఆ చేతికి పొగాకు వాసన. ఈ మాట ఇంకెవరికీ చెప్పొద్దని, చెబితే మా అమ్మ ఈ ఇంట్లో బతకలేదని అంది. నాకు ముద్దలు కలిపి పెట్టిన చేయి అది. ఆ రోజు నుంచి ఆ చేత్తో పెట్టిన ముద్ద నాకు సయించలేదు.

సుజాత మర్నాడు పొద్దున కళ్ళు తెరిచింది. ప్రమాదం లేదన్నారు. అక్కడితో అయిపోవలసింది. పెద్దబాపు తిరిగి వచ్చి పొయ్యి వెనక పడి ఉన్న కొమ్మను పట్టుకొని కల్లంలోకి వచ్చాడు. కూలి ఆడవాళ్ళందరూ వరసగా కూర్చొని కొమ్ములు విరుస్తున్నారు. ఆయన నేరుగా ఎల్లవ్వ ముందు నిలబడి కొమ్మను ఆమె ఒళ్ళో విసిరాడు.

“ఏమే ఎల్లీ, గిదేం చెట్టు?”

నాకు తెలియదు అని ఉంటే ఆమె బతికిపోయేది. మిగతా ఆడవాళ్ళలో ఎవరిని అడిగినా అదే అనేవాళ్ళు. కానీ ఎల్లవ్వకు తెలిసినదాన్ని తెలియదనడం అప్పటికింకా రాదు. కొమ్మను చేతిలోకి తీసుకుంది, ఆకు వెనక రుద్దింది, పొర చింపి పండు చూసింది.

“పెన్నేరు పటేలా. పండ్లు పిల్లలు తినొద్దు. పాప తిన్నదా? ఎన్ని తిన్నది?”

అందరూ తప్పు వెతికిన ఆ కల్లంలో ఎన్ని తిన్నదని అడిగిన మనిషి ఆమె ఒక్కతే. పెద్దబాపు మిగతావాళ్ళ వైపు తిరిగాడు. పేరు ఎరుకే, విషమని ఎరుకే, పిల్లలను బీట్లోకి తిప్పేది గిదే, ఇంకెవరు పెడతారని అడిగాడు. ఎండిన కొమ్ము విరిచినట్టు తేల్చేశాడు. ఒక్కరూ కాదనలేదు. పంటి పొగ పట్టించుకున్నవాళ్ళూ, బాలింతలప్పుడు ఆమె చేతి తిండి తిన్నవాళ్ళూ తలలు దించుకొని కొమ్ములు విరుచుకున్నారు. నేను నాయినమ్మ పక్కన నిలబడి ఉన్నాను. ఆమె చెయ్యి నా భుజం మీద ఉంది, మెల్లగా నొక్కుతోంది.

ఎల్లవ్వ కొమ్మను తిప్పి, తెగిన చివర చూసింది. కత్తితో కోసినట్టు తెగి ఉంది. తల ఎత్తి నా కుడిచేతిని చూసింది. నేను బొటనవేలు పిడికిట్లో దాచుకున్నాను. ఆమెకు అంతా అర్థమైందని నాకూ అర్థమైంది. నా పేరు చెబుతుందని భయపడ్డాను. చెప్పాలని కూడా కోరుకున్నాను, అది నిజం. చెబితే నాకు దెబ్బలు పడేవి, ఆమెకు పని మిగిలేది.

“నేనైతే పెట్టలె పటేలా. ఎవరు పెట్టిన్రో నాకెరుక లేదు,” అంది ఎల్లవ్వ.

కొంగు దులుపుకొని లేచి వెళ్ళిపోయింది. ఆ ఏడు ఆర్మూర్‌లో ఏ కల్లమూ ఆమెను పనిలో పెట్టుకోలేదు. పంటి పొగకు పిలవడం మానేశారు. ఆమె దారిన వస్తుంటే తల్లులు పిల్లలను లోపలికి లాక్కునేవాళ్ళట. నవీపేట్ దిక్కు నాట్లకు పోయిందని ఎవరో అన్నారు. మా ఇంట్లో ఆమె మాట ఎవరూ ఎత్తలేదు, సుజాత కథ చెప్పేంత పెద్దదయ్యేదాకా. పెద్దబాపు చనిపోయినప్పుడు అందరూ ఏడిస్తే నాకు ఏడుపు రాలేదు. అది చెప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు.

నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో, జక్రాన్‌పల్లి దగ్గర హైవే పక్కన బస్సు కోసం నిలబడ్డాను. పిల్లలకు చూపించడానికి మొక్కలు కోసుకొని సంచీ నింపుకున్నాను. అక్కడ మూట పక్కన పెట్టుకొని ఒక ముసలామె కూర్చొని ఉంది. ముఖం ముడతలు పడ్డా గుర్తుపట్టాను. ఆమె నన్ను గుర్తుపట్టి, మొదట అడిగింది సుజాత గురించి. “పాప మంచిగున్నదా?” అంది. మంచిగానే ఉందన్నాను. అప్పుడు కాళ్ళ మీద పడవలసిన దాన్ని నేను. రోడ్డు పక్కన బీట్లో పెన్నేరు పెరిగి ఉంది. ఎంత పిరికిదాన్నంటే, క్షమించమని అడగడానికి బదులు ఒక కొమ్మ గిల్లి ఆమె ముందు పెట్టాను. ఆమె దాని పేరు చెబితే మళ్ళీ నేను పదేళ్ళ పిల్లనైపోతానని, అన్నీ సర్దుకుంటాయని ఏదో ఆశ.

“ఎల్లవ్వా, గిదేం చెట్టు?” అన్నాను.

అడిగాక తెలిసింది, అవి పెద్దబాపు అడిగిన మాటలే. ఎల్లవ్వ రెండు చేతులూ కొంగు కిందికి లాక్కుంది. కుడిచేతి గోరు అప్పటికే కురచగా కత్తిరించి ఉంది.

“నాకు చెట్లు ఎరుక లేవు బిడ్డా,” అంది.

బస్సు వచ్చింది, ఎక్కింది. నేను ఎక్కవలసిన బస్సూ అదే, ఎక్కలేకపోయాను. కొన్నేళ్ళకు ఆమె పోయిందని విన్నాను. ఆమె తలలో ఎన్ని చెట్లున్నాయో, అవన్నీ ఆమెతోనే పోయాయి. మొదటిసారి తెలియదన్నది నా కోసం. రెండోసారి తెలియదన్నది మా వల్ల. నాకు ఉద్యోగం, జీతం, పిల్లల నమస్కారాలు తెచ్చిపెట్టిన చదువుకు మొదటి పాఠం చెప్పిన మనిషి, తనకు ఏ చెట్టూ తెలియదని చెప్పుకొని బతకవలసి వచ్చింది. ఆ చెట్టు వేరుకు ఇప్పుడు సీసా, మూత, బంగారు గీతలు వచ్చాయి. గుట్ట కింద బీడు ప్లాట్లయింది. పసుపుకు బదులు అశ్వగంధ వేద్దామా అని సుజాత కొడుకు ఆలోచిస్తున్నాడట. ఇది ఏ చెట్టో మా ఇంట్లో ఒక్కరికీ తెలియదు, తాగడం మాత్రం తాగుతున్నారు.

భోజనం అయ్యాక సుజాత కర్ర పట్టుకొని నన్ను ప్రహరీ గోడ దగ్గరికి తీసుకుపోయింది. గోడ మూలన సిమెంటు పగుల్లోంచి నడుమెత్తు చెట్టు లేచి ఉంది. బూడిద రంగు ఆకులు, గుంపులుగా కాయలు. తీసేయమంటావా, ఇదేమన్నా పనికొచ్చే చెట్టా అని అడిగింది. నేను ఒక కొమ్మ గిల్లాను. నీ సీసాలో ఉన్నది దీని వేరే అన్నాను. సుజాత ఆశ్చర్యపోయింది. వెనక కోడలూ, చిన్నూ వచ్చి నిలబడ్డారు.

“నీకు తినిపించింది గీ పండ్లే సుజాతా. తినిపించింది నేను. ఎల్లవ్వ కాదు,” అన్నాను.

యాభై ఏళ్ళకు పైగా మోసిన మాట. చెప్పాక ఆమె ఏడుస్తుందనో, తిడుతుందనో అనుకున్నాను. సుజాత కర్ర ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకుంది.

“నాకు ఎరుకనే అక్కా. నాయినమ్మ పోయేముందు చెప్పింది. బాపుకు గూడ ఎరుకనేనట.”

మరి ఇన్నేళ్ళూ ఎల్లవ్వ పేరెందుకు చెబుతున్నావని అడిగాను. గొంతు పెద్దదైందని నాకే తెలిసింది.

“నువ్వు ఇంటి ఆడివిల్లవు, నీ పేరెట్ల చెప్తం? ఎల్లవ్వ అంటె అడిగెటోళ్ళెవరున్నరు?” అంది సుజాత. వాదించడానికి కాదు, నచ్చజెప్పడానికి అంది. పెద్దబాపు అరుపులకంటే ఈ మెత్తటి మాటకే నాకు ఎక్కువ భయమేసింది.

చిన్ను నా చేతిలోని కొమ్మను పట్టుకొని గుంజింది. “పెద్ద నానమ్మా, ఇదేం చెట్టు?” అని అడిగింది. చిన్నపిల్ల ముందు పాత సంగతులు వద్దని సుజాత కళ్ళతో సైగ చేసింది. నేను గోడ పక్క గట్టు మీద కూర్చొని, పిల్ల వేలు పట్టుకొని ఆకు వెనక రుద్దించాను.

“ఇది పెన్నేరు బిడ్డా. కాయ ఒంటిగ ఏలాడితె తినొచ్చు, గుంపుగ కూసుంటె ముట్టొద్దు. నాకు ఎల్లవ్వ నేర్పింది. నేనే సక్కగ ఇనలె.”

“ఎల్లవ్వ ఎవరు?” అంది చిన్ను.

సుజాత కర్ర చప్పుడు చేసుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది. కోడలు మాత్రం వెళ్ళలేదు. నేను పసుపు కల్లం దగ్గర నుంచి మొదలుపెట్టి, ఈసారి నా పేరుతో చెప్పాను.